అడివమ్మ పిలుపు

ఈ ఏడు చీర రాలేదు. చీర తేవలసిన నలుగురూ ఉత్త చేతులతో వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

మాణిక్యమ్మ మంచినీళ్ళ చెంబు తెచ్చి పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

"తాగండి అన్నయ్యా," అంది జక్కయ్యతో.

"తాగడానికి రాలేదమ్మా. బావని పిలువు."

కాశీరావు లోపలే ఉన్నాడు. చొక్కా తొడుక్కుంటూ బయటికి వచ్చాడు. అతని వెనక గుమ్మం దాకా వచ్చి సుధామణి ఆగిపోయింది. రాత్రి బస్సుకి బెజవాడ నుంచి రమ్మని తండ్రి ఫోన్ చేస్తే వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి అన్న జానకిరామ్ ఆమెతో మాట్లాడలేదు.

అడివమ్మ పేరంటాలు జాతర ఇంకా మూడు రోజులుంది. కొల్లేటి ఒడ్డున ఆ ఊళ్ళో ఏటా ఈ రోజున కులపెద్దలు పళ్ళెంలో పసుపు చీర పెట్టుకుని, డప్పు కొట్టించుకుంటూ కాశీరావు ఇంటికి వస్తారు. అతని తల్లి పెద్దింట్లమ్మ ఆ చీర కట్టుకుని జాతర సాయంత్రం గుడి ముందు అడివమ్మ కథ పాడుతుంది. నలభై ఏళ్ళుగా ఆమే పాడుతోంది.

"నేను చూసింది నీకు చెప్తాను బావా," అన్నాడు జక్కయ్య. "మీ జానకిరామ్ కైకలూరులో తన నెట్ సెంటర్లో ఆ కంప్యూటర్ ఆట పెట్టాడు. మా చెల్లెలు చేసిన ఆట అని బయట బోర్డు కూడా రాశాడు. మా అల్లుడు చూసొచ్చి చెప్తే నేను నమ్మలేదు. నిన్న నేనే పోయి కూర్చుని చూశాను."

కాశీరావు చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆపాడు.

"అడివమ్మ ఎవరు? ఉప్పెన వచ్చిన నాడు మెడలోతు నీళ్ళలో దివిటీ పట్టుకుని నిలబడి పదకొండు పడవల్ని ఒడ్డుకి పిలిచిన మనిషి. మొగుడి పడవ ఒక్కటే రాకపోతే లోపలికి పోయి మళ్ళీ రాని మనిషి. ఆ పదకొండు పడవల్లో ఒకదాంట్లో మా తాత ఉన్నాడు. అందుకని నేనివాళ నీ అరుగు మీద కూర్చున్నాను. ఆ తల్లి పడవల్ని ముంచుద్దా?"

"అది ఆట మావయ్యా," అన్నాడు జానకిరామ్. స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఆట అని నాకూ తెలుసు. ఎర్ర కళ్ళు పెట్టారు. ఒంటి మీద గుడ్డ సరిగా లేదు. పడవల్ని తన దగ్గరికి పిలిచి ముంచుతా ఉంటే, ఆడేవాళ్ళు బల్లెంతో పొడుస్తున్నారు. పొడిచినప్పుడల్లా చప్పట్లు. పైగా ఆ పిలిచే గొంతు ఎవరిది?"

పెరట్లో పెద్దింట్లమ్మ చాటలో ఎండు రొయ్యలు బాగుచేస్తోంది. ఆ చప్పుడు అరుగు దాకా వినిపిస్తోంది. రెండేళ్ళుగా ఆమెకు చూపు సరిగా ఆనదు. చేత్తో తడుముకుంటూనే పని చేసుకుంటుంది.

జక్కయ్య గొంతు తగ్గించాడు. "అత్త గొంతు. నలభై ఏళ్ళు విన్న గొంతు నేను గుర్తుపట్టనా? నిరుడు సర్కారోళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేశారు. పనులు పోయినియ్యి. సగం ఊరు వలస పోయింది. మనకంటూ మిగిలింది ఆ తల్లి ఒక్కతే. ఆమెని కూడా మనింటి పిల్లే ఎత్తుకుపోయి పరాయోళ్ళకి ఇచ్చిందంటే ఊరు ఎట్టా ఊరుకుంటది?"

"ఏం చెయ్యమంటారు చెప్పండి," అన్నాడు కాశీరావు.

"జాతర నాటికి ఆ బొమ్మ తీసెయ్యాలి. కనీసం ఆ పేరు, ఆ గొంతు తియ్యాలి. తీశామని కాయితం తెస్తే ఆ రోజు పొద్దున్నే నేనే చీర పట్టుకొస్తాను. లేకపోతే అత్త పాడొద్దు. నా నోటితో నేను అనలేని మాట ఇది. అనిపించారు."

నలుగురూ లేచారు. జక్కయ్య మెట్టు దిగుతూ సుధామణి వైపు చూశాడు.

"నిన్ను చదివించమని మీ నాన్నతో పోట్లాడింది నేనేనమ్మా," అన్నాడు.

సుధామణి తల వంచుకుంది.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక జానకిరామ్ మొదటిసారి చెల్లెలి మొహంలోకి చూశాడు.

"నాకెందుకు చెప్పలేదు? సీడీ బయటికొచ్చినప్పుడు ఒక్క మాట చెప్తే నేను బోర్డు రాసేవాణ్ణా?"

"ఆ సీడీ నేను పంపలేదు. నువ్వే బెజవాడలో కొనుక్కున్నావు."

"కొన్నాను. మా చెల్లెలి పని గదా అని కొన్నాను. తప్పేనా?"

"అరవకండి," అంది మాణిక్యమ్మ. "పెరట్లో ఆవిడ ఉంది."

జానకిరామ్ అప్పుడే సైకిలెక్కి కైకలూరు పోయాడు. మధ్యాహ్నానికి నెట్ సెంటర్ షట్టర్ దించేసి, ఒక కంప్యూటర్ని రిక్షాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆట ఉన్నది అందులోనే. ముందుగదిలో బల్ల మీద పెట్టి, దాని మీద దుప్పటి కప్పాడు.

*

బెజవాడలో బెంజి సర్కిల్ దగ్గర మూడో అంతస్తులో ఉంది సుధామణి ఆఫీసు. ఏసీ చల్లదనం. గోడల నిండా ఆమె, ఆమెతో పనిచేసేవాళ్ళు గీసిన బొమ్మలు. పరదేశపు కంపెనీ ఒకటి తన కంప్యూటర్ ఆట కోసం ఒక్కో దేశం నుంచి ఒక్కో మనిషిని అడిగింది. చరిత్రలో ఉన్నవాళ్ళయినా సరే, పురాణాల్లో ఉన్నవాళ్ళయినా సరే అంది. జపాను కత్తివీరుడు, ఆఫ్రికా రాణి, పాముల జుట్టున్న గ్రీకు ఆవిడ. ఆఖరి ఖాళీకి ఎవరున్నారని అడిగితే సుధామణే చెయ్యెత్తింది. మా ఊళ్ళో అడివమ్మ ఉందండీ అంది.

శరత్‌చంద్ర మర్నాడు ఆమె వెళ్ళేసరికి తలుపు దగ్గరికే ఎదురొచ్చాడు. ఆ ఆఫీసు నడిపే నలభై ఏళ్ళ మనిషి. ఎవరి మీదా గొంతు పెంచడు.

"కూర్చోండి సుధామణిగారూ. భోంచేశారా?"

"పేరైనా మార్చమనండి సర్. గొంతు తీసెయ్యమనండి. అంతకంటే ఏం అడగను."

"మీరు ఫోన్ చేసిన గంటలోనే ఆ కంపెనీకి మెయిల్ పెట్టాను. ఇందాకే జవాబొచ్చింది." మానిటర్‌ని ఆమె వైపు తిప్పాడు.

సుధామణి చదివింది. మర్యాదగా రాశారు. సీడీలు అన్ని దేశాల్లో దుకాణాలకి చేరిపోయాయి కాబట్టి ఇప్పుడేమీ చేయలేమన్నారు. ఆడేవాళ్ళకి అందరికంటే బాగా నచ్చింది అడివమ్మేనన్నారు. రెండో భాగంలో ఆమెకి ఇంకా పెద్ద పాత్ర ఇస్తున్నామని, ఆ ముసలావిడ గొంతు ఇంకో పది నిమిషాలు రికార్డు చేసి పంపగలరా అని అడిగారు.

ఆమె రెండోసారి చదివింది.

"పంపనని రాశాను," అన్నాడు శరత్‌చంద్ర. "కానీ ఉన్నది వాళ్ళది. మనం గీసి ఇచ్చాం, వాళ్ళు కొనుక్కున్నారు. కాంట్రాక్టు మీద మనిద్దరి సంతకాలూ ఉన్నాయి."

"అది మా దేవత సర్."

"ఆ పాముల జుట్టు ఆవిడ కూడా ఎవరో ఒకరి దేవతే అయ్యుంటుంది. ఆ కత్తివీరుడు నిజంగా బతికిన మనిషి. ఇంతవరకు ఎవరూ వచ్చి అడగలేదు."

"వాళ్ళ మనవరాళ్ళు మీ ఆఫీసులో పనిచెయ్యట్లేదు కదండీ."

శరత్‌చంద్ర మౌస్ జరిపి ఒక ఫోల్డర్ తెరిచాడు.

"మిమ్మల్ని బాధపెట్టాలని కాదు. ఊళ్ళోవాళ్ళతో మాట్లాడటానికి నన్ను రమ్మంటే వస్తాను. కానీ వచ్చి అబద్ధం చెప్పలేను."

తెర మీద మొదటి బొమ్మ వచ్చింది. నేత చీర, ముడి వేసిన జుట్టు. మెడ దాకా నీళ్ళు. పైకెత్తిన చేతిలో దివిటీ. కళ్ళల్లో భయం, ఎదురుచూపు. ఆ బొమ్మ గీయడానికి సుధామణికి పదిరోజులు పట్టింది.

దాని కింద ఆ కంపెనీ జవాబు. చాలా బాగుంది, కానీ మంచివాళ్ళు ఎక్కువైపోయారు, నీళ్ళలో జరిగే ఆటకి శత్రువు ఎవరూ లేరు, ఈమెని అలా మార్చగలరా అని.

తర్వాత రెండో బొమ్మ. మూలన తేదీ, ఆమె పొట్టి సంతకం.

"మార్చమని నేను చెప్పాను. మీరు మార్చారు. నేను కాదంటే ఆ కంపెనీ పోయేది. మీరు కాదంటే..." ఆగాడు. "మీరు ఏమీ అనలేదు. నేనూ అడగలేదు."

సుధామణి ఆ బొమ్మ వైపు చూస్తూ కూర్చుంది. అది ఒక్క మధ్యాహ్నంలో అయిపోయిన పని. కళ్ళకి ఎరుపు వేసేటప్పుడు చెయ్యి ఆగలేదు. పక్క సీటు జ్ఞానేశ్వరి వచ్చి చూసి, ఇది మొదటిదానికంటే బాగా వచ్చిందే అంటే నవ్వింది కూడా. ఈ ఆట ఎక్కడో పైదేశాల్లో ఆడుకుంటారు, మనూళ్ళో ఎవరు చూడొచ్చారు అనుకుంది.

గొంతు సంగతి కూడా అంతే. నిరుడు సెలవుకి వెళ్ళినప్పుడు నాయనమ్మని నూతి గట్టు మీద కూర్చోబెట్టి అడివమ్మ పిలుపు రికార్డు చేసుకుంది. పెద్దింట్లమ్మ సంబరంగా మూడుసార్లు పిలిచింది. నేను పోయినా ఇది ఉంటదిగా అంది.

"లేచి వెళ్ళిపోమంటే వెళ్ళిపోతాను సర్. ఉద్యోగం వద్దు. దానివల్ల ఏమైనా మారుతుందా?"

"మారదండీ," అన్నాడు శరత్‌చంద్ర.

*

కైకలూరు బస్టాండులో తండ్రి మోపెడ్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె చేతిలో కాయితం కోసం చూశాడు. చేతిసంచి తప్ప ఏమీ లేదు.

"కుదరదన్నారా?"

"కుదరదన్నారు నాన్నా."

"నువ్వు గట్టిగా అడగలేదేమో. నేనొచ్చి కాళ్ళు పట్టుకుంటే?"

"ఆయన చేతుల్లో లేదు."

"మరి ఎవరి చేతుల్లో ఉంది? మనిషనేవాడు ఎవడో ఒకడు ఉంటాడు గదా, అడిగితే వినేవాడు."

బస్సు దిగినవాళ్ళంతా వెళ్ళిపోయారు.

"నాన్నా, ఆ బొమ్మ వాళ్ళు మార్చలేదు. నేనే మార్చాను. మార్చమంటే మార్చి ఇచ్చాను."

కాశీరావు మోపెడ్ స్టాండు తీశాడు. స్టార్ట్ చెయ్యబోయి ఆగాడు.

"తెలిసే చేశావా?"

"తెలిసే."

కాశీరావు మోపెడ్ స్టార్ట్ చేశాడు. గట్టు మీద నుంచి పోతుంటే రెండు పక్కలా తెగిపోయిన చెరువుల్లో నీరెండ పడుతోంది. ఇంటి ముందు దిగాక, "మీ నాయనమ్మకి మాత్రం చెప్పకు," అన్నాడు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు కూడా పడక కుర్చీలోనే పడుకుని ఉన్నాడు. జానకిరామ్ ఎందుకని అడిగితే చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

మూడు రోజులూ ఆ ఇంట్లో అందరూ గుసగుసగానే మాట్లాడుకున్నారు. పెద్దింట్లమ్మ దేని గురించీ అడగలేదు. చీర ఇంకా రాలేదేం అని కూడా అడగలేదు. అది మాణిక్యమ్మకి భయం పుట్టించింది.

*

జాతర రోజు పొద్దున పది దాటాక పెద్దింట్లమ్మ గోడ పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. తడుముకుంటూ దుప్పటి కప్పిన బల్ల దగ్గర ఆగింది.

"సుధా. ఇది పెట్టు."

"ఏంటి నాయనమ్మా?"

"నా గొంతు ఇందులో ఉందంట గదా. పెట్టు, వింటాను."

సుధామణి తండ్రి వైపు చూసింది. కాశీరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు గానీ వద్దనలేకపోయాడు. జానకిరామే దుప్పటి తీసి స్విచ్ వేశాడు. స్టూలు తెచ్చి నాయనమ్మని తెరకి దగ్గరగా కూర్చోబెట్టాడు.

ఉరుము, వాన, నీళ్ళ చప్పుడు. ఆ తర్వాత గొంతు.

"ఓ... ఇటే ఒడ్డు... ఇటే ఒడ్డు..."

పెద్దింట్లమ్మ తల ఒక పక్కకి వంచి విన్నది. "నాదే," అంది. "బాగానే పిలిచాను. ఇంక ఇప్పుడు ఏం జరుగుద్ది?"

"నాలుగు పడవలు వస్తాయి నాయనమ్మా. ఆ పిలుపు విని ఆమె దగ్గరికి తిరుగుతాయి."

"తిరిగి?"

"మునిగిపోతాయి."

"ఒక్కటీ చేరదా?"

"ఆడేవాళ్ళు ఆమెని చంపితే చేరతాయి."

పెద్దింట్లమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. కంప్యూటర్లోంచి మళ్ళీ పిలుపు వచ్చింది. మళ్ళీ నీళ్ళ చప్పుడు, ఎవరివో కేకలు. తర్వాత ఆగిపోయింది.

"మునిగినయ్యా?"

"మునిగాయి."

"అట్టాగైతే చంపు."

"నాయనమ్మా."

"ఆ పడవల్లో వాళ్ళు ఇళ్ళకి పోవద్దా?"

"అవి బొమ్మలు నాయనమ్మా."

"ఆమె కూడా బొమ్మే గదా మరి. అడివమ్మకి చేతనయింది ఒకటే పని, పడవల్ని ఒడ్డు చేర్చడం. దానికి తనే అడ్డమైతే తప్పుకోదా? చంపు."

జానకిరామ్ ముందుకు వచ్చి కీబోర్డు అందుకోబోయాడు. "నాకు వచ్చు. నేను ఆడతాను."

"నేనే ఆడాలి," అంది సుధామణి. తర్వాత తండ్రి వైపు చూడకుండా అంది, "ఆమెని అట్లా గీసింది నేనే నాయనమ్మా."

"తెలుసు. మొన్న మీ నాన్న అన్నం తినకుండా పడుకున్నాడు గదా. ఆడు."

సుధామణికి ఆ ఆటలో ప్రతి రంగూ తెలుసు, ఆడటం మాత్రం ఎప్పుడూ ఆడలేదు. ఏ మీట నొక్కితే బల్లెం లేస్తుందో అన్న పక్కనుంచి చెబుతున్నాడు. ఆమె వేళ్ళు ఆలస్యంగా కదులుతున్నాయి. ఎర్ర కళ్ళు తెర మీదకి వచ్చిన ప్రతిసారీ చెయ్యి ఆగుతోంది. నాలుగు పడవలూ మునిగాయి.

"చేరారా?"

"లేదు."

"మళ్ళీ."

రెండోసారి మూడు మునిగాక ఆమె బల్లెం విసిరింది. అది తగిలేలోగా నాలుగోదీ పోయింది.

"మళ్ళీ," అంది పెద్దింట్లమ్మ.

మాణిక్యమ్మ వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అన్నాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోని తండ్రీ కొడుకులు కుర్చీ వెనక పక్కపక్కన నిలబడ్డారు. వీధి గుమ్మం ముందు చెప్పుల చప్పుడైంది. జక్కయ్య ఒక్కడే వచ్చాడు. కాయితం వచ్చిందేమో కనుక్కోవడానికి వచ్చినవాడు, ఆ పిలుపు చెవిన పడి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఎవరూ అతన్ని పలకరించలేదు.

ఈసారి మొదటి బల్లెం తగిలింది. తెర మీద అడివమ్మ వెనక్కి ఒరిగింది. పడవలు నాలుగూ ఇంకా నీళ్ళ మీదే ఉన్నాయి. రెండో బల్లెం తగిలింది.

"ఇంకొకటి," అన్నాడు జానకిరామ్. "ఇంకొక్కటి తగిలితే చాలు."

పదకొండు కొట్టింది. కరెంటు పోయింది.

రోజూ ఆ వేళకి పోయే కరెంటే. ఇవాళ ఎవరికీ గుర్తు లేదు. తెర నల్లబడింది. పైన ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగింది. వాన, ఉరుము, గొంతు, అన్నీ ఒక్కసారే పోయాయి.

పెద్దింట్లమ్మ నిశ్శబ్దంలోకి చెవి పెట్టి కాసేపు ఎదురుచూసింది.

"చేరారా?"

సుధామణి నోరు తెరిచింది. చేరారు అనే మాట నాలుక మీద దాకా వచ్చింది. ఒకసారి మార్చి గీసిన మనిషికి ఇంకోసారి మార్చి చెప్పడానికి నోరు రాలేదు.

"చెప్పరేం? చేరారా?"

"లేదత్తా," అన్నాడు గుమ్మంలోంచి జక్కయ్య. "చేరలేదు. మునగలేదు కూడా. మధ్యలో ఉన్నారు."

"జక్కయ్యా, నువ్వా? ఎప్పుడొచ్చావు?"

"ఇందాకే."

"మధ్యలో అంటే?"

"నీళ్ళ మీదే ఉన్నారు. ఎటు పోవాలో తెలీక."

పెద్దింట్లమ్మ స్టూలు మీద నుంచి లేచింది. మనవరాలి భుజం ఊతగా పట్టుకుని మొహం వీధి వైపు, కొల్లేటి వైపు తిప్పింది. నలభై ఏళ్ళుగా గుడి ముందు నిలబడినట్టే మెడ నిటారుగా పెట్టి, గుండె నిండా గాలి పీల్చి, నోరు తెరిచింది.

గాలి మాత్రమే వచ్చింది.

ఆమె గుటక మింగింది. మళ్ళీ పీల్చింది. పెదవులు ఆ మాటలే పలికాయి. శబ్దం లేదు. నల్లబడ్డ తెరతోపాటే ఆమె గొంతూ పోయినట్టుంది.

"అమ్మా," అన్నాడు కాశీరావు.

"మంచినీళ్ళు ఇవ్వండి," అంది మాణిక్యమ్మ, తానే తేవడానికి కదలకుండా.

జక్కయ్య చెప్పులు విడిచి గదిలోకి వచ్చాడు. "ఊరుకో అత్తా. మెల్లిగా. పాడొద్దని నేననలేదు. నా మాట విను, నేననలేదు..." అంటున్నాడు. ఏమంటున్నాడో అతనికే తెలియడం లేదు.

పెద్దింట్లమ్మ అతని మాట వినడం లేదు. తడుముకుని సుధామణి చెయ్యి అందుకుంది. అక్కడ ఏమైందో చూడమన్నట్టు ఆ అరచేతిని తన గొంతు మీద పెట్టుకుని మూడోసారి నోరు తెరిచింది.

సుధామణి అరచేతి కింద నరాలు బిగుసుకున్నాయి. గొంతు పైకీ కిందికీ కదులుతోంది. గదిలో ఐదుగురూ ఆ పిలుపు కోసం చెవులు రిక్కించారు.